ఎకరాలు వేలు, తల్లిచెట్లు ఎన్ని?

ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్ట ప్రాంతాల్లో ఒకప్పుడు పొగాకు, కంది, జొన్న వేసిన చేలల్లో ఇప్పుడు చాలాచోట్ల సుబాబుల్, జామాయిల్ తోటలు నిలబడి ఉన్నాయి. తీరం వెంబడి ఇసుక నేలల్లోనైతే అంతకు ఎంతో ముందు నుంచే సరుగుడు తోపులు ఉన్నాయి. వాన మీద భరోసా లేని నేలల్లో, కూలీలు దొరకని ఊళ్ళలో, కొన్నేళ్ళకొకసారి నరికి అమ్ముకునే ఈ కర్ర పంట ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. తొక్క తీసిన లావు కర్ర కాగితం మిల్లుకు పోతుంది. సన్న కర్ర, కొమ్మలు, తొక్క ఇటుక బట్టీలకూ, వర్జీనియా పొగాకును ఆరబెట్టే బ్యారన్లకూ, కర్రను మండించి కరెంటు తీసే కేంద్రాల బాయిలర్లకూ ఇంధనమవుతాయి. మనం దీన్ని ఇంధన పంట అని పిలిచినా పిలవకపోయినా, ఈ రెండు జిల్లాల మంటల్లో పెద్ద వాటా ఈ మూడు చెట్లది.

ఎన్ని ఎకరాల్లో ఉంది, ఎకరాకు ఎన్ని టన్నులు వస్తుంది, టన్ను ఎంత పలుకుతోంది అన్న లెక్కలు ప్రతి ఊళ్ళోనూ తెలుసు. ఆ ఎకరాలన్నింటి వెనుక, విత్తనానికో కొమ్మలకో మూలమైన తల్లిచెట్లు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న మాత్రం మొక్కలు కొనేటప్పుడు గానీ, కర్ర అమ్మేటప్పుడు గానీ ఎవరూ అడగరు. ఒక కొత్త పురుగో, తెగులో దిగిన సంవత్సరంలో పంట ఎంత మిగులుతుందో తేల్చేది ఆ సంఖ్యే.

జన్యు వైవిధ్యం అంటే ఒక జాతికి చెందిన చెట్ల మధ్య వారసత్వంగా వచ్చిన తేడాల మొత్తం. కంటికి కనిపించే తేడాలన్నీ ఇందులోకి రావు. ఒకే క్లోన్ మొక్కను, అంటే ఒకే చెట్టు కొమ్మల నుంచి తీసిన నకలు మొక్కను, ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో నాటితే ఒక లావున, ఎర్ర గరప నేలలో నాటితే ఇంకో లావున పెరుగుతుంది. చూడటానికి రెండు తోటలు వేరైనా జన్యుపరంగా అక్కడున్నది ఒక్క చెట్టే. దీనికి తోడు మరో పొరపాటు అభిప్రాయం మన నర్సరీల్లో బాగా వేళ్ళూనుకుంది. విత్తనం వేసి పెంచితే వైవిధ్యం ఉంటుందనీ, కొమ్మ నాటి పెంచితే అన్నీ ఒకటే అవుతాయనీ చాలామంది అనుకుంటారు. ఇందులో రెండో సగం నిజం. మొదటి సగం ఏ చెట్టు గురించి మాట్లాడుతున్నామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మన మూడు చెట్లూ ఈ విషయంలో మూడు దారుల్లో నడుస్తాయి.

సుబాబుల్‌ది వీటిలో అత్యంత విచిత్రమైన కథ. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడ ల్యూసీనా అనే ఈ ప్రజాతిలో దాదాపు రెండు డజన్ల జాతులు ఉన్నాయి. లేత కాయలనూ గింజలనూ తినే అలవాటున్న అక్కడి ప్రజలు, అడవిలో ఎక్కడెక్కడో వేర్వేరుగా పెరిగే జాతులను తెచ్చి పెరళ్ళలో పక్కపక్కన నాటుకున్నారు. ప్రకృతిలో ఎన్నడూ కలవని జాతులు ఆ పెరళ్ళలో కలిసి కొత్త సంకరాలు పుట్టాయి. మనం సుబాబుల్ అంటున్న చెట్టు కూడా అలా రెండు వేరు జాతుల కలయికతో పుట్టినదేనని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. ల్యూసీనా పల్వెరులెంటా, ల్యూసీనా క్రూజియానా అనేవి ఆ రెండు జాతులు. ఇద్దరు తల్లిదండ్రుల క్రోమోజోములూ పూర్తిగా నిలిచిపోవడం వల్ల దీనికి 104 క్రోమోజోములున్నాయి. అంటే ఇది చతుస్స్థితికం, నాలుగు సెట్ల క్రోమోజోములతో నడిచే చెట్టు.

ఈ పుట్టుక వల్ల రెండు ఫలితాలు కలిగాయి. సుబాబుల్ పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందగలదు, ఎక్కువగా అదే చేస్తుంది. సాధారణంగా ఇలా తరతరాలుగా స్వపరాగ సంపర్కం జరిగితే అడవి చెట్లలో బలహీనత వస్తుంది. సుబాబుల్‌లో రెండు జాతుల జన్యువులు ప్రతి కణంలోనూ శాశ్వతంగా పక్కపక్కన నిలిచిపోయి ఉన్నాయి కాబట్టి ఆ బలహీనత పెద్దగా కనిపించదు. చెట్టు లోపల వైవిధ్యం ఉంది, చెట్టుకూ చెట్టుకూ మధ్య మాత్రం లేదు. తల్లిచెట్టు కాయలో ఉన్న గింజలన్నీ దాదాపు తల్లికి నకళ్ళే. గట్టు మీది ఒక మంచి చెట్టు నుంచి సంచెడు విత్తనం ఏరి పదెకరాలు వేసిన రైతు, తాను విత్తనంతో పెంచాను కాబట్టి వేల రకాల మొక్కలున్నాయని అనుకోవచ్చు. నిజానికి ఆ పదెకరాల్లో ఉన్నది ఇంచుమించు ఒక్క చెట్టే. కొమ్మ నాటకుండానే అది క్లోన్ తోట అయింది.

ఈ చెట్టు ప్రపంచమంతా వ్యాపించిన తీరు ఈ ఇరుకుతనాన్ని మరింత పెంచింది. స్పెయిన్ వాళ్ళ ఓడలు మెక్సికో తీరం నుంచి ఫిలిప్పీన్స్‌కు తిరిగిన కాలంలో పొదలా పెరిగే ఒక రకం ఆసియాకు చేరి, అక్కడి నుంచి ఉష్ణమండలమంతటా పాకింది. అంత విశాల ప్రాంతానికీ మూలం కొద్దిపాటి విత్తనమే. 1960లలో హవాయి విశ్వవిద్యాలయంలో జేమ్స్ బ్రూబేకర్ మెక్సికో, మధ్య అమెరికాల నుంచి సేకరించిన విత్తనాల్లో నుంచి ఎత్తుగా, నిటారుగా పెరిగే రకాలను ఎంపిక చేశారు. కె8, కె28, కె67 వంటి పేర్లతో అవి దేశదేశాలకు వెళ్ళాయి. 1977లో అమెరికా జాతీయ సైన్సుల అకాడమీ ఈ చెట్టును ఉష్ణమండలానికి ఎంతో ఆశాజనకమైన పంటగా ప్రకటించడంతో, వంటచెరకు కొరతతో సతమతమవుతున్న దేశాలన్నీ దీన్ని అందిపుచ్చుకున్నాయి. భారతదేశంలో సామాజిక అడవుల పథకాల కాలం అది. రకాల పేర్లు వేరైనా, ఒక్కో పేరు వెనుక ఉన్నది వేళ్ళ మీద లెక్కించదగిన చెట్ల సంతతి.

పరీక్ష రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. హెటరోసిల్లా క్యూబానా అనే సిల్లిడ్, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని రసం పీల్చే పురుగు, తన సహజ ప్రాంతమైన కరీబియన్ పరిసరాలను దాటి 1984లో హవాయికి, ఆ తర్వాత రెండేళ్ళలో పసిఫిక్ దీవులకూ ఆగ్నేయాసియాకూ, 1987లో శ్రీలంకకూ, 1988లో దక్షిణ భారతానికీ చేరింది. లేత చిగురు మీదే గుడ్లు పెట్టడం దీని స్వభావం. విచ్చుకోని ఆకు మడతల్లో పసుపు రంగు గుడ్లు గుత్తులుగా కనిపిస్తాయి, పిల్లపురుగులు రసం పీల్చేకొద్దీ చిగురు ముడుచుకుపోతుంది, పురుగు విసర్జించే తేనెలాంటి జిగురు మీద నల్లని బూజు పట్టి కొమ్మ చివరలు ఎండిపోతాయి. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రెండు మూడు వారాలు సరిపోతాయి కాబట్టి ఒక్క ఏడాదిలో ఎన్నో తరాలు పుడతాయి. కె8కు దీన్ని తట్టుకునే శక్తి లేదు, అందువల్ల కె8 ఉన్న దేశాలన్నింటిలోనూ నష్టం ఒకే తీరున జరిగింది. సిల్లిడ్‌ను తినే క్యూరినస్ సెరూలియస్ అనే అక్షింతల పురుగును థాయ్‌లాండ్ నుంచి తెప్పించి మన దేశంలో వదిలారు. వేడి, పొడి వాతావరణంలో సిల్లిడ్ ఉద్ధృతి తగ్గుతుంది కనుక మెట్ట జిల్లాల ఎండలు కూడా రైతు పక్షానే నిలిచాయి. పంట బతికింది. అయితే దాన్ని బతికించినవి ఎండా, మిత్రపురుగూ. చెట్టులో ఉండవలసిన రక్షణ అప్పుడూ లేదు, ఆ రకాల్లో ఇప్పటికీ లేదు.

రక్షణ ఎక్కడ ఉందో మాత్రం తెలుసు. ల్యూసీనా పల్లిడా, ల్యూసీనా డైవర్సిఫోలియా, ల్యూసీనా కొలిన్సీ వంటి బంధుజాతుల్లో సిల్లిడ్‌ను తట్టుకునే చెట్లున్నాయి. హవాయిలో సుబాబుల్‌నూ పల్లిడానూ కలిపి తీసిన కెఎక్స్2 సంకరం ఆ గుణాన్ని అందిపుచ్చుకుంది. ఆస్ట్రేలియాలో కూడా పల్లిడా రక్తం కలిసిన రకం పశుగ్రాసం కోసం విడుదలైంది. అంటే మన మెట్ట చేలలోని తోటకు భరోసా మెక్సికో కొండల మీది అడవి జాతుల్లో ఉంది. అక్కడ ఆ అడవులు తరిగిపోతే ఇక్కడి పంటకు మందు తయారయ్యే గది మూతపడినట్టే.

సంఖ్యల మాటకు తిరిగి వస్తే, ఎన్ని తల్లిచెట్లున్నాయన్నది పైపై లెక్కతో తేలదు. ఒక నర్సరీ పది తల్లిచెట్ల నుంచి మొక్కలు తయారు చేస్తోందని అనుకుందాం. పదింటికీ సమాన వాటా ఉంటే వైవిధ్యం కూడా పది చెట్ల విలువ చేస్తుంది. కానీ రైతులందరూ ఒక్క క్లోన్ నంబరునే అడగడంతో నూటికి తొంభై మొక్కలు ఆ ఒక్క చెట్టువే అయ్యాయనీ, మిగిలిన పది తక్కిన తొమ్మిది చెట్లకు సమానంగా పంచాయనీ అనుకుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. జన్యుశాస్త్రంలో ఒక్కో చెట్టు వాటాను వర్గం చేసి, అన్నింటినీ కూడి, ఆ మొత్తంతో ఒకటిని భాగిస్తారు. 0.9ని వర్గం చేస్తే 0.81, మిగిలిన తొమ్మిదింటి వర్గాల మొత్తం 0.001 చిల్లర. ఒకటిని 0.811తో భాగిస్తే దాదాపు 1.2 వస్తుంది. రిజిస్టరులో పది చెట్లు, చేలో ఒకటింబావు చెట్టు కూడా లేదు. ఈ చిన్న లెక్క తెలియనందువల్లే మా దగ్గర ఎన్నో క్లోన్లున్నాయన్న మాట నిశ్చింతను ఇస్తుంది.

ఈ లెక్క జామాయిల్‌కు అచ్చంగా వర్తిస్తుంది. జామాయిల్ స్వతహాగా పరపరాగ సంపర్కం ఎక్కువగా ఉన్న చెట్టు, కాబట్టి విత్తనంతో పెంచితే తోటలో చెట్టుకూ చెట్టుకూ పోలిక ఉండదు. ఒకటి లావెక్కితే పక్కది సన్నగా ఉండిపోతుంది. మన దేశంలో విత్తనపు జామాయిల్‌లో అధిక భాగం టిప్పు సుల్తాన్ కాలంలో బెంగళూరు దగ్గర నంది కొండల మీద నాటిన చెట్ల సంతతి నుంచి వచ్చిన మైసూరు రకమే. అక్కడా మూలం ఇరుకే, అయినా చెట్ల మధ్య తేడాలు మిగిలాయి. ఆ తేడాలే రైతుకు నష్టంగా తోచాయి. 1989 నుంచి భద్రాచలం కాగితం మిల్లు మెరుగైన చెట్లను ఎంపిక చేసి, వాటి చిగురు ముక్కలకు వేళ్ళు పుట్టించి క్లోన్ మొక్కలు తయారు చేయడం మొదలుపెట్టాక దిగుబడి విత్తనపు తోటలతో పోలిస్తే రెండింతలకు పైగా పెరిగింది. నిటారుగా, ఒకే లావున, ఒకేసారి కోతకు వచ్చే తోటలు వచ్చాయి. ఇది రైతుకు జరిగిన నిజమైన మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

ఆ మేలుకు వెల ఏమిటో 2000 తర్వాతి దశకంలో తెలిసింది. లెప్టోసైబ్ ఇన్వేసా అనే కందిరీగ, ఆస్ట్రేలియా మూలం కలిగినది, 2000 ప్రాంతంలో మధ్యధరా దేశాల్లో మొదట బయటపడి, 2004లో శాస్త్రీయ నామం పొంది, ఆ దశకం మధ్యకల్లా దక్షిణ భారతంలో అడుగుపెట్టింది. మిల్లీమీటరు కన్నా కాస్త పెద్దదైన ఈ కీటకం ఆకు ఈనెలోనూ, తొడిమలోనూ, లేత కాండంలోనూ గుడ్లు పెడుతుంది. ఆ చోట బుడిపెలు కడతాయి, ఆకు మెలి తిరుగుతుంది, నర్సరీ మొక్కలూ రెండేళ్ళలోపు తోటలూ ఎదుగుదల ఆగి గిడసబారతాయి. ఆడపురుగు మగదానితో కలవకుండానే ఎక్కువగా సంతానాన్ని కంటుంది కాబట్టి ఒక్కటి చేరినా చాలు. అప్పుడు గమనించవలసిన విషయం ఒకటి కనిపించింది. పక్కపక్క తోటల్లో ఒక క్లోన్ బుడిపెలతో నిండిపోతే ఇంకొక క్లోన్ దాదాపు పచ్చగానే ఉండేది. తట్టుకునే జన్యువులు ఉన్న చెట్టులో ఉన్నాయి, లేని చెట్టులో లేవు, నాటింది క్లోన్ కాబట్టి ఉంటే తోటంతా ఉంది, లేకపోతే తోటంతా లేదు. ఎక్కువ క్లోన్లు చేతిలో ఉన్నందువల్లే తట్టుకునే నంబర్లకు మారడం సాధ్యమైంది. చేతిలో రెండు మూడే ఉండి ఉంటే ఆ దారి ఉండేది కాదు.

అయితే అందరూ తట్టుకునే ఒక్క నంబరు మీదికి ఎగబడితే మళ్ళీ పాత చోటికే చేరతాం. ఈసారి వచ్చే పురుగు వేరే అయి ఉంటుంది, అంతే తేడా.

సరుగుడుది మూడో దారి. నెల్లూరు సీమకు ఇది అత్యంత పాత ఇంధన పంట. మద్రాసు నగరపు పొయ్యిలకూ రైలింజన్లకూ కట్టెలు కావలసి 1860లలో కోరమండల్ తీరాన సరుగుడు నాటడం మొదలైంది. శ్రీహరికోట దీవి నుంచి బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో కట్టెలు మద్రాసుకు వెళ్ళిన కాలం పెద్దలకు తెలుసు. ఎండిన సరుగుడు కట్టె కిలోకు 5,000 కిలోకెలోరీలకు దగ్గరగా వేడి ఇస్తుందనీ, సుబాబుల్ 4,200 నుంచి 4,600 దాకా ఇస్తుందనీ ప్రామాణిక లెక్కలు చెబుతాయి. సరుగుడు గాలితో పరాగ సంపర్కం జరుపుకునే చెట్టు, సహజంగా పరసంపర్కానికి మొగ్గు చూపుతుంది. కాబట్టి విత్తనంతో వైవిధ్యం రావాలి. రాకపోవడానికి కారణం విత్తనం పరిమాణమే. కిలోలో లక్షల గింజలుంటాయి. మళ్ళు పోసే వ్యక్తికి ఊరందరికీ సరిపడే నారు పెంచడానికి రెండు మూడు చెట్ల కాయలు ఏరితే చాలు, ఎక్కువ చెట్లు ఎక్కవలసిన అవసరమే రాదు. అలా ఏరినవి కూడా కాయలు విరగకాసే, అందుబాటు ఎత్తులో ఉండే చెట్లవి. కాయల్లో బలం పెట్టిన చెట్టు లావులో వెనుకబడుతుంది, నిజానికి విత్తనానికి అది చెడ్డ ఎంపిక. అన్నదమ్ముల వంటి చెట్లు ఒకదానితో ఒకటి సంపర్కం చెంది, రెండు మూడు తరాలు గడిచేసరికి, సుబాబుల్‌కు లేని బలహీనత సరుగుడుకు వస్తుంది.

దీనికి విరుగుడుగా కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ 1990ల నుంచి ఆస్ట్రేలియా సంస్థల సహకారంతో సరుగుడు సహజంగా పెరిగే వివిధ దేశాల నుంచి విత్తనం తెప్పించి పోల్చి చూసింది. ఇండోనేషియా దీవులకు చెందిన జుంఘూనియానా జాతిని మన సరుగుడుతో కలిపి సంకర క్లోన్లను తయారు చేసింది. ఈ జుంఘూనియానా కథలోనూ ఒక హెచ్చరిక ఉంది. 1951లో థాయ్‌లాండ్ నుంచి మన దేశానికి వచ్చిన దాని సంకరం ఒకే ఒక మగచెట్టు సంతతి. కొమ్మలతో ఎంత విస్తరించినా, దశాబ్దాల తరబడి అది ఒక్క చెట్టుగానే ఉండిపోయింది.

ఇక్కడ ఇంధనానికీ కాగితానికీ మధ్య ఉన్న వైరుధ్యాన్ని ప్రస్తావించాలి, ఎందుకంటే మన తోటల్లోని క్లోన్లను ఎంపిక చేసిన కన్ను ఎక్కువగా కాగితం మిల్లుది. కాగితానికి సెల్యులోజ్ అనే పీచు పదార్థం కావాలి, ఆ పీచును అతికించి ఉంచే లిగ్నిన్ అడ్డు. దాన్ని తొలగించడానికి రసాయనాలు ఖర్చవుతాయి. మంటకు లిగ్నినే బలం. కిలో లిగ్నిన్ సుమారు 6,000 కిలోకెలోరీలు ఇస్తే కిలో సెల్యులోజ్ సుమారు 4,200 ఇస్తుంది. మిల్లు కన్నుతో తక్కువ లిగ్నిన్ ఉన్న చెట్లను ఏరుకుంటూ పోతే, బాయిలరుకు పనికొచ్చే చెట్లు ఎంపిక దశలోనే జారిపోతాయి. బాయిలరుకు ఇంకో సౌలభ్యం కూడా ఉంది. పీచు పొడవు ఎంత, తెలుపు ఎంత అని అది అడగదు. కర్ర ఆరి ఉండి, మట్టీ బూడిదా తక్కువగా ఉంటే చాలు. అంటే ఇంధనం కోసం వేసే తోటలో రకరకాల చెట్లను కలిపి పెంచినా కొనేవాడికి నష్టం లేదు. వైవిధ్యాన్ని భరించగలిగిన పంట ఏదైనా ఉంటే అది ఇంధన పంటే అని నా అభిప్రాయం. ఆ అవకాశాన్ని మనం వాడుకోవడం లేదు.

జన్యు పునాది చూడకుండా ఇంధన పంటను విస్తరిస్తే ఏమవుతుందో అడవి ఆముదం, అంటే జట్రోఫా, ఇరవై ఏళ్ళ కిందటే చూపింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిల్ కోసం దాన్ని సిఫారసు చేశాక దేశమంతటా నాటారు. తర్వాత డీఎన్ఏ పరీక్షల్లో మన దేశపు మొక్కల మధ్య తేడాలు అత్యల్పమనీ, అసలైన వైవిధ్యం మెక్సికో ప్రాంతంలోనే ఉందనీ తేలింది. దిగుబడి రాకపోవడానికి నీరు, నేల, ధర వంటి కారణాలు కూడా ఉన్నాయి. కానీ మెరుగైన చెట్టును ఎంచుకుందామంటే ఎంచుకోవడానికి తేడాలే లేవు. ఇక్కడి గట్ల మీదే పుట్టి పెరిగిన కానుగలో అటువంటి కొరత లేదు, గింజ బరువులోనూ నూనె శాతంలోనూ చెట్టుకూ చెట్టుకూ ఎంతో తేడా ఉంటుంది.

మరి చేలో ఏం చేయాలి? ఒకే తోటలో పది క్లోన్లను కలగలిపి నాటమంటే రైతు ఒప్పుకోడు, ఒప్పుకోనవసరమూ లేదు. వేగంగా ఎదిగేది పక్కదాన్ని నీడలో తొక్కేస్తుంది, కోత వేళలు కుదరవు. తోటలో ఏకరూపం ఉంచి, తోటకూ తోటకూ మధ్య తేడా ఉండేలా చూసుకోవడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది. పక్క చేలో ఒక నంబరు ఉంటే మన చేలో ఇంకొకటి, ఊరికి పది పన్నెండు నంబర్లు, ఏ ఒక్కటీ ఊరి విస్తీర్ణంలో అయిదో వంతు మించకుండా. జన్యుశాస్త్రజ్ఞుల లెక్కల ప్రకారం కూడా క్లోన్ల సంఖ్య కొన్ని పదులు దాటాక అదనంగా దక్కే రక్షణ స్వల్పమే. ప్రమాదమంతా ఒకటి, రెండు, మూడు దగ్గరే ఉంది. సరుగుడు విత్తనానికి నియమం ఇంకా సులువు, ఒకదానికొకటి దూరంగా ఉన్న పాతిక ముప్ఫై మంచి చెట్ల నుంచి సమానంగా ఏరి కలపాలి. సుబాబుల్‌కు మాత్రం చెట్ల సంఖ్య పెంచితే సరిపోదు, అన్నీ ఒకే రకానివైతే ముప్ఫై చెట్లూ ఒకటే. అక్కడ బంధుజాతుల సంకరాలను తెచ్చి మన నేలల్లో పరీక్షించాలి. మూడు సెట్ల క్రోమోజోములుండి గింజ కట్టని త్రిస్థితిక సంకరాలైతే ఇంకా మంచిది, ఎందుకంటే సుబాబుల్, గింజలతో వాగుల వెంట, పోరంబోకుల్లో పాకి ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలోకి ఎక్కిన చెట్టు. కొత్త వైవిధ్యాన్ని తెచ్చేటప్పుడు ఆ బాధ్యతనూ వెంట తీసుకోవాలి.

ఇవన్నీ జరగాలంటే ఏ చేలో ఏ నంబరు ఉందో ముందు తెలియాలి. ప్రభుత్వ ఈ-పంట నమోదులో సర్వే నంబరు వారీగా పంట పేరు ఎక్కుతూనే ఉంది. కర్ర తోటలకు ఆ పక్కనే క్లోన్ నంబరు, మొక్కలు కొన్న నర్సరీ, నాటిన సంవత్సరం కూడా రాయించాలి. మొక్కలు అమ్మే వాళ్ళు బిల్లు మీద నంబరు వేయడం తప్పనిసరి చేస్తే రైతుకు అదనపు శ్రమ ఉండదు. అప్పుడు ఒక ఊళ్ళో చిగురు ముడత కనిపించిన వారంలోనే, అదే నంబరు ఉన్న మిగతా తోటలు ఏ గ్రామాల్లో ఉన్నాయో మండల వ్యవసాయ అధికారి బల్ల మీదే తేలిపోతుంది.